రెండు బండ్ల సున్నం

“ఇటుకల సందులు పూయడానికి వచ్చినావా, ఇల్లు కొనడానికి వచ్చినావా? పొద్దున్నుంచి దారం పట్టుకొని గోడలు కొలుస్తానే ఉండావు,” అన్నాడు చెన్నకేశవులు, పంచలో మంచం మీద ఆకువక్క నములుతూ.

“కొలవకుండా ఎంత సున్నం పడుతుందో ఎట్ల చెప్పేది పెద్దయ్యా? ఎక్కువ తెప్పిస్తే నన్ను దొంగంటారు,” అన్నాడు గంగయ్య.

ఆ చివరి మాటను అతను నొక్కి పలికాడు. ముసలాయన గమనించలేదు.

గిద్దలూరులో నలుగురివీ రాతి గోడలైతే చెన్నకేశవులుది ఇటుకల మేడ. ఇరవై ఏళ్ళ కింద దాన్ని కట్టింది పుల్లయ్య మేస్త్రీ. గంగయ్య అతని కొడుకే. ఆ సంగతి చెన్నకేశవులుకు తెలియదు. గుర్తుపట్టేందుకు గంగయ్య అప్పుడు చంకలో పిల్లోడు.

పని కొసకొచ్చాక పుల్లయ్య రెండు బండ్ల సున్నం అమ్ముకొని రాత్రికి రాత్రే పారిపోయాడని చెన్నకేశవులు ఊరంతా చాటించాడు. దొంగ పెళ్ళామన్న మాట పడలేక ఓబులమ్మ పిల్లోణ్ణి ఎత్తుకొని పుట్టిల్లు కొమరోలు చేరింది. ఇప్పటికీ రోజూ పొద్దున బొట్టు పెట్టుకుంటుంది, పెట్టుకుంటూనే మొగుణ్ణి తిడుతుంది. “పోతూ పోతూ తాపీ కూడా పట్టుకపోయినాడు. యా ఊళ్ళో యా ముండకు ఇల్లు కడుతుండాడో, వాని మొగాన దుమ్ము పొయ్య.”

ఇన్నాళ్ళకు కర్నూలు నుంచి కలెక్టరు దొర వచ్చి ఈ మేడలో దిగుతాడని తెలిసింది. సందుల్లో సున్నం రాలిపోయింది, పూసే మేస్త్రీ కావాలని కొమరోలుకు కబురొచ్చింది. గంగయ్య ఎగిరి గంతేసి బయలుదేరాడు.

అతనికి కావలసింది ఒక్కటే. కట్టిన నాడు ఈ గోడల్లో ఎంత సున్నం పడిందో తేలాలి. తెప్పించిందంతా గోడల్లోనే ఉంటే చెన్నకేశవులు అబద్ధాలకోరు, నడిబజార్లో వాడి పరువు తీయాలి. లేకుంటే నాయనే దొంగ. ఎక్కడ దాక్కున్నా మెడబట్టి ఈడ్చుకొచ్చి అమ్మ కాళ్ళ ముందు పడేయాలి. ఇద్దరిలో ఒకరికి ఇవాళ మూడింది. నిజం చెప్పొద్దూ, అతని కడుపుమంట ఎక్కువగా నాయన మీదే.

“కట్టేటప్పుడు సున్నం ఎంత తోలించినారు పెద్దయ్యా?”

“పది బండ్లు. గానుగ ఆడించి, బెల్లం నీళ్ళు పోయించినా. ఆ పుల్లిగాడు రెండు బండ్లు మింగి పారిపోయినాడు. పాత కూలి ఇస్తేగానీ తాపీ పట్టనని నా గడపలో నిలబడినాడు, అంత పొగరు. తెల్లారేసరికి లేడు.”

గంగయ్య పళ్ళు కొరుక్కున్నాడు. ఒక గజం మేర మేకుతో సందులు తోడి, దాంట్లో ఎన్ని తట్టల సున్నం పడుతుందో నింపి చూశాడు. కిటికీల దగ్గర గోడ మందం చూశాడు. ప్రతి సందూ వేలెడే, దారం పెట్టి గీసినట్టు ఉంది. ఇంత మంచి చెయ్యి ఉన్నవాడికి దొంగబుద్ధి ఎందుకు పుట్టిందో అనుకున్నాడు.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఎనిమిది బండ్లే. ఎటు తిప్పి చూసినా ఎనిమిదే. గంగయ్య గోడకు ఆనుకొని కూలబడ్డాడు. అమ్మ తిట్టిన తిట్లన్నీ ఆ మనిషికి తగినవే.

ధాన్యం గదిని బయటి కొలతతోనే లెక్కలో వేసుకున్నాడు, దాని లోపల చూడడం ఒక్కటే మిగిలింది. ఎందుకైనా మంచిదని లేచాడు. బయట కొలిచిన దారంలో గోడల మందం తీసేసి లోపల పరిస్తే, ఇంకా రెండు మూరలు మిగిలింది. మళ్ళీ పరిచాడు, మళ్ళీ అంతే. వెనక గోడ దగ్గరికి పోయి సజ్జల బస్తాలు జరిపి చూశాడు. అక్కడ సందులు రెండు వేళ్ళ మందం, వంకరటింకర.

“పెద్దయ్యా, ఈ గోడ ఎవరు కట్టినారు?”

చెన్నకేశవులు గుమ్మం దాకా వచ్చాడు. “ఇంకెవరు, ఆ పుల్లిగాడే.”

“కాదు. తాపీ పట్టడం రానోడు సున్నం కుమ్మరించి కట్టినాడు. మిగతా గోడలన్నీ మూరెడుంటే ఇదొక్కటే మూడు మూరల మందం. నీ రెండు బండ్ల సున్నం యాడికీ పోలేదు. ఈడనే ఉంది.”

ముసలాయన నమలడం ఆపాడు. “ఆ గోడ జోలి నీకొద్దు. పని వద్దు, ఏమొద్దు. ఇవాల్టి కూలి తీసుకొని పో.”

“మా నాయన కూడా కూలే కదా అడిగింది.”

చెన్నకేశవులు అప్పుడు అతని మొహం సరిగ్గా చూశాడు. చేతికర్ర జారి కిందపడింది. వంగి తీసుకోలేకపోయాడు.

గంగయ్య కొట్టంలోంచి గడ్డపార తెచ్చాడు. గోడలో దాచిన సున్నం వీధివాళ్ళందరికీ చూపించి, ఈ ముసలోడి చేత అమ్మ కాళ్ళు పట్టించాలి. తర్వాత నాయన సంగతి. దొంగతనం చెయ్యనివాడు పెళ్ళాన్నీ బిడ్డనూ వదిలి ఎందుకు పారిపోయినట్టు? దానికీ జవాబు చెప్పితీరాలి, ఏ ఊళ్ళో ఉన్నా సరే.

చప్పుడుకు జనం గుమిగూడారు. నాలుగు ఇటుకలు ఊడాయి. గడ్డపార అడ్డం లేకుండా లోపలికి దిగబడింది. ఇటుకల వెనక సున్నం లేదు, అంతా చీకటి. గంగయ్య భుజం దాకా చెయ్యి పెట్టి తడిమాడు. వేళ్ళకు ఇనుము తగిలింది. పట్టుకొని లాగితే వెంటనే రాలేదు, అవతల ఎవరో పిడి పట్టుకొని ఉన్నట్టు. గట్టిగా లాగి వెలుతురులోకి తెచ్చి చూశాడు. తుప్పు పట్టిన తాపీ.

పుల్లయ్య ఎక్కడికీ పారిపోలేదు.