వెనకాల ఒక్కడుంటే చాలు

బాహూరు చెరువుకట్ట దాటేసరికే మంగళానికి సంగతి అర్థమైపోయింది. ముందు వెయ్యిమంది. వెనక తెల్ల వ్యాను.

ఆ వ్యానంటే ఆమెకు హడల్. నిరుడు ఇదే హాఫ్ మారథాన్‌లో అరియాంకుప్పం వంతెన దగ్గర వెనకబడితే, అందులో ఎక్కించి కూర్చోబెట్టారు. కిటికీ పక్క సీటు కూడా ఇచ్చారు. సరిగ్గా ఆ కిటికీలోంచే, బీచి రోడ్డులో నిలబడ్డ వియ్యపురాలు తిలగం కంట్లో పడింది.

"వదినా, టికెట్టు ఎంత తీసుకున్నారు?" అని తిలగం అందరిముందూ అడిగింది. మంగళానికి తల కొట్టేసినట్టయింది. ఏడాదంతా ఏ పెళ్ళికి పోయినా అదే మాట.

పరుగు మంచి పనికే. కిడ్నీ జబ్బు పిల్లల వైద్యానికి చందాలు పోగుచేసే పరుగు. మంగళం తన చందా ఎప్పుడో కట్టేసింది. ఇప్పుడామెకు కావలసింది మెడలో పతకం. బాహూరు నుంచి పుదుచ్చేరి బీచి దాకా ఇరవయ్యొక్క కిలోమీటర్లు, తన కాళ్ళతో. నూలు మిల్లులో ముప్పయ్యేళ్ళు నిలబడి పనిచేసిన కాళ్ళవి. అరవై రెండొచ్చినా పొగరు తగ్గలేదు, వేగమే తగ్గింది.

ఆమె లెక్క ఆమెకుంది. వ్యాను ఎక్కించుకునేది అందరికంటే వెనకున్నవాళ్ళనే. అందర్నీ దాటక్కర్లేదు. తన వెనకాల ఒక్కడుంటే చాలు.

చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, పైన పరుగువాళ్ళిచ్చిన టీషర్టు తొడుక్కుని, వరిపొలాల మధ్య పడుతూ లేస్తూ పోతూంటే పక్కన అడుగుల చప్పుడు వినబడింది. నలభై ఏళ్ళుంటాయేమో, బక్కపల్చటి మనిషి. ఒంటికి చెమట కూడా పట్టలేదు. మంగళం గుండెల్లో రాయి పడింది.

"ఓరి నీ కాళ్ళు పడిపోనూ, నువ్వు గూడా నన్ను దాటాలా!" అని తెలుగులో గొణుక్కుంది. చుట్టూ అరవం మాట్లాడే జనం, ఎంత తిట్టినా తెలియదని ఆమె ధైర్యం.

"దాటన్లే అక్కా," అన్నాడతను, తెలుగులోనే.

మంగళం నాలుక్కరుచుకుంది. "నువ్వూ మనోడేనా? యాడ?"

"మురుంగపాక్కం. పేరు గుణశేఖరన్. కొంచెం బిరబిర నడువక్కా."

"నాకు చెప్పొచ్చినావు! ముందు నీ సంగతి చూసుకో తమ్ముడా."

ఆ మాట అన్నాక నాలుగడుగులు వేశాడో లేదో, అతని బూటు లేసు ఊడింది. గట్టుమీద కూర్చుని కట్టుకోవడం మొదలుపెట్టాడు. పెళ్ళికూతురికి జడ వేసినట్టు, ఎంతసేపటికీ తెమలడు. మంగళం సంతోషంగా ముందుకు సాగిపోయింది.

మళ్ళీ పక్కకొచ్చాడు. ఈసారి బూట్లో రాయి. ఆ తర్వాత టీకొట్టు. వేడి టీ ఊదుకుంటూ, గుక్క గుక్కకూ ఆగుతూ తాగాడు. ఇంకోసారి గడ్డిమేస్తున్న ఆవు పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాడు. పరుగుకొచ్చాడా, పెళ్ళికొచ్చాడా? ఇలాంటి వాడు దొరకడం తన పూర్వజన్మ పుణ్యమనుకుంది మంగళం.

అతని ఫోను మోగింది. "లేదు సార్. నా వెనకాల ఎవురూ లేరు."

మంగళానికి నవ్వాగలేదు. ఆఖరివాడి వెనకాల ఎవరుంటారు మరి!

అరియాంకుప్పం వంతెన ఎక్కగానే ఆమె పిక్క పట్టేసింది. మళ్ళీ అక్కడే! గోడ పట్టుకుని కూలబడిపోయింది. ఊపిరి అందడం లేదు. వ్యాను దగ్గరికొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు వెట్రివేల్ తల బయటపెట్టి ఆమెకేసే చూశాడు. తిలగం గొంతు చెవిలో వినిపించి మంగళానికి ఏడుపొచ్చింది.

గుణశేఖరన్ పదడుగుల వెనకే ఆగిపోయాడు. గబగబా వ్యాను దగ్గరికి వెళ్ళి డ్రైవరును చేతులు జోడించి బతిమాలాడు. ఏమన్నాడో వినబడలేదు. వెట్రివేల్ తల కొట్టుకుని తలుపు మూశాడు. గుణశేఖరన్ వంతెన గోడకు ఆనుకుని, నదిని ఇప్పుడే కొత్తగా తవ్వినట్టు చూస్తూ నిలబడ్డాడు.

పాపం, వాడిదీ తన పరిస్థితే. ఇందాకట్నుంచీ వాడి కష్టం చూసి సంబరపడ్డందుకు మంగళానికి నిజంగా సిగ్గేసింది. పిక్క రుద్దుకుంటూ లేచింది.

"రా తమ్ముడా. నేను ముందు నడుస్తా, నన్ను చూసుకుంటా రా. ఆ బండి ఎక్కినావంటే జన్మలో మర్చిపోలేవు."

"నువ్వు పో అక్కా. నీ వెనకే వస్తా ఉండాను."

బీచి రోడ్డు చేరేసరికి ఎండ మాడుతోంది. పరుగు ముగిసేచోట కట్టిన తోరణం విప్పుతున్నారు. కుర్చీలు ఒకదానిమీదొకటి పేర్చేశారు. పతకాల బల్ల దగ్గర దీప అనే అమ్మాయి ఒక్కతే మిగిలింది. గొడుగు కింద తిలగం కూడా ఉంది, మాట సిద్ధం చేసుకుని. మంగళం ఆఖరి ఇరవై అడుగులూ పరుగెత్తింది. దీప ఆమె మెడలో పతకం వేసింది.

"నిజంగా నడిచే వచ్చినావా వదినా!" అని తిలగం గొడుగు ఆమె తలమీదికి జరిపింది. మంగళం కళ్ళు చెమర్చాయి.

తర్వాత గుణశేఖరన్ వచ్చాడు. దీప గడియారం చూసి, అతనికేసి గుర్రుగా చూసింది. అతను తల గోక్కున్నాడు.

మంగళం అతని భుజం తట్టింది. "సిగ్గుపడొద్దు తమ్ముడా. ఆఖర్న వస్తే ఏంది, బండి ఎక్కలేదు కదా. రోజూ తెల్లారి లేచి నడువు. వచ్చే ఏడు నన్ను గెలుద్దువు."

"అట్నే అక్కా," అన్నాడు గుణశేఖరన్ బుద్ధిగా.

ఇరవయ్యొక్క కిలోమీటర్లూ మూడున్నర గంటల్లో ముగిసేలా ఎక్కడా ఆగకుండా నడుస్తూ, తనకంటే వెనకబడ్డ వాళ్ళందరినీ ఆ వ్యాను ఎక్కించడమే ఆ రోజు గుణశేఖరన్‌కు ఒప్పజెప్పిన పని.