నలభై ఏడో అచ్చు

"మామయ్యగారూ, మన పంట పండింది! మీ అటకమీది పళ్ళకు మూడు లక్షలు వచ్చాయి!" కోడలు ఫోను పట్టుకుని వరండాలోకి పరుగెత్తుకొచ్చింది.

పెద్దాయన రిటైరైన పళ్ళ డాక్టరు. ఒకప్పుడు పేషెంట్ల నోటి కొలతకు తీసిన ప్లాస్టర్ అచ్చులు పెట్టెనిండా అటకెక్కించాడు. వెర్రి వేయి విధాలు కదా, కొనేవాళ్ళుంటారేమోనని ఆమె నెలరోజులుగా వాటిని ఒక్కొక్కటే ఆన్‌లైన్ వేలంలో పెడుతోంది. ఏదీ రెండొందలు దాటలేదు, ఇది తప్ప.

"ముందు పన్ను సగం విరిగి ఉంటుంది చూడండీ, అదీ. ఎవరెంత పాడినా ఒకాయన దానికి రెట్టింపు పాడాడు. సరుకు అందితేనే సైటువాళ్ళు డబ్బు వేస్తారని మొన్ననే పార్సిల్ చేసేశాను."

పెద్దాయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "అడుగున నంబరెంత?"

"నలభై ఏడు."

ఆయన వీధి గేటు వైపు చూశాడు.

"మా క్లినిక్‌లో పనిచేసే నర్సమ్మను చంపేసినప్పుడు, ఆమె చేతిమీద ఉన్నది ఆ పళ్ళ కాటేనమ్మా. పోలీసులకంటే ముందు ఆ పళ్ళవాడే నా దగ్గరికి వచ్చాడు, కత్తితో. వాడి కళ్ళముందే అచ్చు పగలగొట్టాను."

"మరి ఇది?"

"పగలగొట్టింది వేరేది. దీన్ని దాచాను. బయటపెట్టే ధైర్యం మాత్రం ఈ జన్మకి రాలేదు."

పార్సిల్ మీద పంపినవారి చోట ఈ ఇంటి అడ్రసు ఆమె తన చేత్తోనే రాసింది.

ఫోను టింగుమంది. కొన్నతను ఐదు నక్షత్రాలిచ్చి, కింద రెండు ముక్కలు రాశాడు:

"సరుకు భద్రంగా అందింది. ఆ రోజు పగలగొట్టింది ఎవరి పళ్ళో డాక్టరుగారినే అడుగుదామని బయల్దేరాను."