పదకొండింటి గుండెదడ

“ఈ ఇన్సూరెన్సు వాళ్ళకి అసలు గుండె అంటూ ఉంటేగా, ఇంకొకళ్ళ గుండె గురించి పట్టించుకోడానికి!” అంటూ సూపర్‌వైజరు చేతిలోని ఉత్తరాన్ని ఫ్యాక్టరీ నర్సు బల్లమీద పడేశాడు.

మందుసీసాల కర్మాగారంలో ప్యాకింగ్ విభాగం ఆయనది. తన కింద ముప్ఫైమంది ఆడవాళ్ళు. అంత క్రమశిక్షణ, అంత శుభ్రత ఇంకే విభాగంలోనూ లేవని ఆయనకి గర్వం.

మూడు నెలల క్రితం ఇన్సూరెన్సు కంపెనీ పనివాళ్ళందరి చేతికీ నాడి కొలిచే వాచీలు తొడిగింది. లేబుళ్ళు సరిచూసే చిట్టి విషయంలో ఒక వింత బయటపడింది. రోజూ పదకొండింటికి, కుర్చీలో కదలకుండా కూర్చునే ఉన్నా, ఆమె నాడి నూటముప్ఫై దాటుతోంది. పావుగంటలో మళ్ళీ మామూలైపోతోంది. రెండు వారాలపాటు ఛాతీకి అంటించుకునే యంత్రం పెట్టి చూడాలన్నాడు డాక్టరు. దాని ఖర్చు భరించలేమంటూ వచ్చిందే ఈ ఉత్తరం.

చిట్టి మొదటినించీ “నాకేం లేదు సార్, వదిలెయ్యండి” అని తల వంచుకునే చెబుతోంది. జబ్బని తేలితే ఉద్యోగం పోతుందని భయం కాబోలనుకున్నాడాయన. తన కూతురి ఈడుది, ఇద్దరు పసిపిల్లల తల్లి. ఏమైనా అయితే ఆ పిల్లల గతేమిటని ఆయనకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. దరఖాస్తు తనే నింపాడు. డాక్టరు దగ్గరికి తన కార్లోనే పంపాడు.

“ఎందుకు ఇవ్వరట?” అడిగింది నర్సు.

“ఈ మూడు నెలల్లో ఓ నాలుగు రోజులు ఆ టైముకి నాడి మామూలుగానే ఉందట. నిజంగా గుండెజబ్బయితే మధ్యలో సెలవు తీసుకోదట! కారణం పనిచేసేచోట వెతుక్కోమని ఉచిత సలహా ఒకటి.”

“వెతుకుదాం, కూర్చోండి సార్” అంటూ నర్సు కంప్యూటర్లో చిట్టి లెక్కలు తీసింది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. “ఆ నాలుగు రోజులూ చిట్టి వేరే సీట్లో కూర్చుందేమో?”

“లేదండీ. అదే సీటు.”

“లైను ఆగిందా? కరెంటుగానీ పోయిందా?”

“లేదు సార్. ఆ నాలుగు రోజులూ సీసాలు మామూలుకంటే ఎక్కువే వెళ్ళాయి.”

“పోనీ, లేబుళ్ళ జిగురు వాసన పడట్లేదేమో. ఆ రోజుల్లో వేరే డబ్బా వాడారా?”

“అదీ అడిగానండీ. అదే జిగురు.”

“మరి ఇంటి దగ్గర్నించి ఆ టైముకి ఫోనేమైనా...”

“ఫోన్లు లోపలికి తేవద్దని మీరే చెప్పారు కద సార్.”

ఆయన గడ్డం గోక్కున్నాడు. నర్సు ఇంకో రెండు మూడు పట్టికలు తెరిచి చూసింది. చూస్తూ చూస్తూ చెయ్యి ఆపేసింది.

“సార్, మిగతావాళ్ళవీ చూస్తున్నాను. పదకొండింటికి అందరి నాడీ ఎంతో కొంత పెరుగుతోంది. చిట్టిది మరీ ఎక్కువ, అంతే.”

సూపర్‌వైజరు దిగ్గున లేచి నిలబడ్డాడు. “ముప్ఫైమందిదీనా? చూశారా, నేననుకుంటూనే ఉన్నాను! అంటే పదకొండింటికి ఆ గదిలోకి ఏదో వస్తోందన్నమాట. విషపు గాలో, ఇంకోటో. వాళ్ళు నోరు విప్పి చెప్పుకోలేరు సిస్టర్, అమాయకులు. వాళ్ళ తరఫున నేనే పైవాళ్ళతో పోట్లాడతాను.”

నర్సు తలెత్తలేదు.

“చెప్పండి సిస్టర్, ఆ వచ్చేదేమిటి? ఆ నాలుగు రోజులూ ఎందుకు రాలేదు?”

నర్సు తెరమీద తేదీలు మరోసారి చూసుకుంది. ఆయన కళ్ళలోకి చూడకుండా, మెల్లగా అంది.

“ఆ నాలుగు రోజులూ పదకొండింటి రౌండుకి మీరు రాలేదు సార్.”