మామూలుగానే ఉన్నారా?

రౌతు పిడికిలి డాక్టరు ముక్కు మీద పడింది. కళ్లజోడు ఎగిరి మందుల ట్రేలో పడింది. రక్తం చుక్కలు చుక్కలుగా తెల్లకోటు మీదికి దిగింది.

"పోటీలో దిగొద్దని ఇంకొక్కసారి అను, పళ్లు రాలగొడతా!"

పోటీకి ఇంకా అరగంట ఉంది. అంతకు కాసేపటి ముందే, వార్మప్ మైదానంలో గుర్రం దూకాల్సిన అడ్డుకర్ర దగ్గర టక్కున ఆగిపోయింది. రౌతు ఆగలేదు. తలకిందులుగా వెళ్లి కర్రల మీద పడ్డాడు. హెల్మెట్ నిలువునా పగిలింది. లోపలి తల సంగతి తేల్చడానికే అతన్ని ఈ ప్రథమ చికిత్స గదిలోకి తెచ్చారు. తేల్చబోయినవాడి ముక్కు సంగతి ముందు తేలింది.

డాక్టరు ముక్కుకి దూది అదుముకుని, రౌతు చేతిపట్టీలోంచి తీసిన మెడికల్ కార్డు చూపించాడు.

"మూడు వారాల క్రితం కూడా తలకి దెబ్బ తగిలిందని ఇందులో ఉంది. అది పూర్తిగా మానకముందే ఇవాళ మళ్లీ పడ్డారు. ఇంకోసారి పడితే ఇక లేవరు."

"ఎవడు రాశాడది?"

"నేనే," అంది మూల నిలబడ్డ రౌతు భార్య. "ప్రతి దెబ్బా రాయాలని రూలు కదండీ."

స్టీలు గిన్నె ఆమె చెవి పక్కనుంచి దూసుకెళ్లి గోడకి సొట్ట పెట్టింది. ఆమె అప్పటికే తల పక్కకి తీసుకుంది. పదకొండేళ్ల కాపురంలో అబ్బిన విద్య.

"ఇంటి గుట్టు కార్డులకెక్కిస్తావా అమ్మాయ్!" అని గుడ్లురిమాడు మామగారు. కొడుక్కి కోచ్ కూడా ఆయనే. డాక్టరు కాలరు పట్టుకుని గోడకేసి నొక్కాడు. "మావాడికి ఏం కాలేదు, సంతకం పెట్టు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్నారు పెద్దలు."

"రౌతు చచ్చిపోతే ఎన్ని కాళ్ల మీద నడుస్తుందో కూడా చెప్పారా?"

ఆ మాటకి డాక్టరు తల గోడకి తగిలింది.

"సరే, పరీక్ష చేస్తాను. నన్ను వదలండి," అన్నాడు ఆయాసపడుతూ.

ఐదు మాటలు చెప్పి మళ్లీ చెప్పమన్నాడు. రౌతు గడగడా ఒప్పజెప్పాడు. అడక్కుండానే వెనకనుంచి ముందుకీ చెప్పి, పైన ఒక బూతు కలిపాడు. ఒంటికాలి మీద నిలబడమంటే నిలబడి, ఖాళీగా ఉన్న రెండో కాలితో డాక్టరు మోకాలి చిప్ప మీద తన్నాడు.

"చూశావా, ఇసుమంతైనా తూలలేదు!" అని మురిసిపోయాడు తండ్రి.

డాక్టరు కుంటుకుంటూ వెళ్లి బల్ల మీది కాగితం అందుకున్నాడు. అందులో ఇక ఒక్క ప్రశ్నే మిగిలింది.

"తలకి లోపల దెబ్బ తగిలితే మనిషి స్వభావం మారిపోతుంది. ఆ మార్పు ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది, వాళ్లనే అడగాలి. మారారని మీరంటే ఇప్పుడే ఆపేస్తాను. చెప్పండమ్మా, ఈయన మామూలుగానే ఉన్నారా?"

ఆమె డాక్టరు ముక్కు చూసింది. మోకాలు చూసింది. గోడకి పడ్డ సొట్ట చూసింది. మొగుణ్ని ఆపడానికి ఒక్క అబద్ధం చాలు. కానీ ఎంత వెతికినా మార్పు కనపడలేదు.

"మామూలుగానే ఉన్నారు సార్."

"ఈ కోపం, ఈ కొట్టడం?"

"ఇవాళ కాస్త తక్కువే. బయటివాళ్లున్నారు కదా."

డాక్టరు నిట్టూర్చి పెన్ను మూత తీశాడు. మామగారు కొత్త హెల్మెట్ కోసం పరిగెత్తాడు.

రౌతు తిన్నగా భార్య మీదికి వచ్చాడు. చెయ్యి పైకి లేచింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ఆ చెయ్యి ఆమె నుదుటి మీద పడ్డ జుట్టుని చెవి వెనక్కి మెల్లగా సర్దింది.

"పొద్దుట్నుంచీ నా వెనకే తిరుగుతున్నావు. ఏమైనా తిన్నావా?"

ఆమె ఒక్క గెంతున వెళ్లి డాక్టరు చేతికింది కాగితం లాగేసింది.

"సంతకం పెట్టకండి సార్! దెబ్బ గట్టిగానే తగిలింది!"