దారిలో పది రోజులు

“పూర్తి లారీ అంటే బండిలో మీ సరుకు తప్ప ఇంకోటి ఉండదు. పార్ట్ లోడు అంటే నలుగురి సరుకూ కలిపి వేస్తాం. ఇది మూడోసారి చెప్పడం అమ్మా,” అన్నాడు బుకింగ్ గుమాస్తా.

బల్లకు అటువైపు కూర్చున్న ఆవిడ తల ఊపింది. అర్థమై ఊపిందో, ఊరికే ఊపిందో అతనికి అంతుపట్టలేదు. గంటసేపటి నుంచీ ఇదే తంతు. పంపవలసినవి దిండ్లంది. ఎన్ని పెట్టెలంటే మొదట నలభై అంది, కాసేపటికి అరవై అంది. దిండ్లకు బరువు చూడరని, బండిలో అవి మింగే చోటును బట్టి కిరాయి కడతారని చెప్పి, పెట్టె కొలతలు అడిగాడు. కొలవలేదంది. కొలవకుండా ఎలా బుక్ చేస్తారమ్మా అంటే మళ్లీ తల ఊపింది.

ఇంకో రోజైతే కొలతలు తీసుకుని రమ్మని పంపేసేవాడే. ఇవాళ అతని అవసరం అలాంటిది. రేవుకు వెళ్లే లారీ వరసగా మూడు ట్రిప్పులు సగం ఖాళీగా పోయింది. వచ్చే సోమవారం కూడా అలాగే కదిలితే ఆ రూటు ఎత్తేస్తానని, దాంతోపాటు గుమాస్తానూ ఇంటికి పంపేస్తానని యజమాని పొద్దున్నే ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా కూర్చున్న కుర్చీ ఇది. ఈ వయసులో పిలిచి ఇంకో కుర్చీ వేసేవాడెవడు? ఈవిడ దిండ్లు ఎక్కితే చాలు, లారీ నిండిపోతుంది.

అందుకే పళ్ల బిగువున ఓర్చుకుని మళ్లీ మొదటికొచ్చాడు. రైలు పార్సిలు చవకే గాని, స్టేషను దాకా తోలుకెళ్లడం, అక్కడ దింపుకోవడం మీ తలనొప్పే అన్నాడు. రైలు వద్దంది. రేవు దాటి పంపేదైతే ఓడ ఉంది, నెమ్మదిగా వెళ్తుంది, తొందర లేకపోతే అదీ ఒక దారే అన్నాడు. వద్దంది. విమానం సంగతి అతనే ఎత్తలేదు, దిండ్ల ఖరీదు కంటే కిరాయే ఎక్కువవుతుంది. లారీయే కావాలంది. ఏ లారీ అంటే కిటికీలోంచి వేలు చూపించింది. ఆవరణలో పట్టా కప్పుకుని నిలబడింది రేవు లారీ. వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ చూపు దాని మీదే ఉంది. పట్టాకు చిరుగులున్నాయేమో చూసుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

“అది వెళ్లి రావడానికి పది రోజులు పడుతుందట కదా అన్నయ్యగారూ?”

గుమాస్తాకు ఒళ్లు మండింది. ఎదురు వీధి ట్రాన్స్‌పోర్టు వాళ్లు చేసే ప్రచారం సరిగ్గా ఇదే. కూపీ లాగడానికి ఈవిడను వాళ్లే పంపలేదు కదా అని కూడా అనుమానం వచ్చింది.

“ఎవరు చెప్పారమ్మా పది రోజులని?”

“లారీల సంగతి తెలిసినవాళ్లే. దారిలో చెక్‌పోస్టులు ఉంటాయట, రేవులో సరుకు దింపడానికే మూడు నాలుగు రోజులు ఆగాలట.”

“ఎన్నాళ్ల నుంచి నమ్ముతున్నారు ఈ మాట?”

“నాలుగేళ్లయింది.”

అనుమానం పోయి అతనికి జాలి వేసింది. పాపం, ఎవడి చేతిలో పడిందో.

“అయితే నాలుగేళ్లుగా మిమ్మల్ని నిలువునా ముంచుతున్నారు చెల్లెమ్మా.”

“అలాగే ఉందండీ,” అంది ఆవిడ.

ఇక గుమాస్తాకు ఊపు వచ్చింది. పోవడానికి రెండు రోజులు, దింపి మళ్లీ ఎక్కించడానికి ఒకటి, రావడానికి రెండు, అంతే అన్నాడు. పోయిన సోమవారం కదిలిన బండి శుక్రవారం సాయంత్రానికల్లా వచ్చేసిందని, మూడు రోజులుగా ఇక్కడే ఉందని చెప్పాడు. డ్రైవరు దారిలో ఎక్కడైనా ఉండిపోయే రకం కాదు కదా అని ఆవిడ అడిగింది. ఆ మాటకు గుమాస్తా నవ్వాడు.

“మా డ్రైవరా? బండి అప్పగించగానే సరాసరి ఇంటికే. పాపకు బొమ్మ కొనకుండా ఏ ట్రిప్పు నుంచీ రాడు.”

“పాపకా?”

“పాపంటే ప్రాణం. మీకెంతమంది పిల్లలు చెల్లెమ్మా?”

“లేరండీ.”

అడక్కూడనిది అడిగానని నాలిక కరుచుకుని, మాట మార్చడానికి గబగబా ట్రిప్పుల రిజిస్టరు తీసి ఆవిడ ముందు పెట్టాడు. నా మాట కాదు, మీ కళ్లతో మీరే చూసుకోండి అన్నాడు. బండి కదిలిన తారీఖు, తిరిగొచ్చిన తారీఖు, వరుస చివర బండి అప్పగించినట్టు డ్రైవరు సంతకం. పదిహేను రోజులకో ట్రిప్పు, ప్రతి ట్రిప్పూ ఐదు రోజులే. ఆవిడ సంచిలోంచి మడతలు పడ్డ క్యాలెండరు కాగితం తీసి పక్కన పరుచుకుంది. ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదివి, కాగితంలో చూసుకుంది. సరుకు పంపే తారీఖులు ఖాయం చేసుకుంటోందని గుమాస్తా హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. బుకింగ్ రసీదు పుస్తకం ముందుకు లాగి, కలం మూత తీశాడు.

“అరవై పెట్టెలు రాసుకోనా?”

“సరుకేం లేదు అన్నయ్యగారూ.”

గుమాస్తా కలం కింద పెట్టేశాడు. వచ్చే సోమవారం సగం ఖాళీగా కదిలే బండి, దాని వెనకే పోయే తన కుర్చీ కళ్ల ముందు మెదిలాయి. కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“మరి ఇంతసేపూ నా ప్రాణం ఎందుకు తీశారమ్మా? పంపడానికి సరుకే లేనప్పుడు, ఆ బండి ఐదు రోజులకొస్తే మీకేం, పది రోజులకొస్తే మీకేం?”

ఆవిడ క్యాలెండరు కాగితాన్ని మళ్లీ అవే మడతల్లో మడిచింది. రిజిస్టరును అతని వైపు తిప్పి, శుక్రవారం వరుస చివర వేలు పెట్టింది.

“ఈ సంతకం మా ఆయనది.”