కాకపోతే

“వాన పడుతుంటే గొడుగు తీసుకో. కాకపోతే వద్దు. రోజూ మనం చేసేదే కదండీ! కంప్యూటరుకి మాత్రం ఆ రెండోది కూడా విడమరిచి చెప్పాలి” అన్నాడు ఓనుకి మాస్టారు.

“మా ఆయనకి చెప్పినా లాభం లేదు మాస్టారూ” అంది ముందు వరసలోంచి ఫుమిఎ. “ఆకలేస్తే తింటాడు. కాకపోతే కూడా తింటాడు.”

జపానులోని ఉరవా పౌరకేంద్రంలో మధ్యాహ్నపు కంప్యూటరు తరగతి అంతా గొల్లున నవ్వింది. వెనక వరసలో కూర్చున్న చిగుసాకి మాత్రం నవ్వాలని తోచలేదు.

అలా తోచక చాలాకాలమైంది. భర్త తమోత్సు పొద్దున్నే సూటు వేసుకుని వెళ్తాడు. చీకటిపడ్డాక వస్తాడు, వేడినీళ్ల తొట్టిలో కూర్చుంటాడు, పడుకుంటాడు. మధ్యలో ఫోనులో సందేశాలు. ‘ఈరోజు ఆలస్యం. భోజనం వద్దు.’ ‘సరే. జాగ్రత్త.’ ‘బయల్దేరాను.’ ‘నీళ్లు కాగి ఉన్నాయి.’

ఆ వారం మాస్టారిచ్చిన ఇంటిపనిగా ఆ ముక్కలే ప్రోగ్రాంగా రాసుకొచ్చింది. ఆలస్యమని వస్తే ఈ జవాబు. బయల్దేరానని వస్తే ఆ జవాబు. ఆమె చెయ్యి పెట్టక్కర్లేదు, ఫోనే పంపేస్తుంది.

“ఇవి కాక ఆయన ఇంకేదైనా రాస్తే?” మాస్టారు అడిగాడు.

“రాయరండీ.”

“రాయకపోవచ్చు. రాస్తే ఏం చెయ్యాలో దానికి తెలియాలి కదమ్మా.”

చిగుసా కింద ఇంకో వరస రాసుకుంది. “ఫోను గట్టిగా మోగాలి. అప్పుడు నేనే జవాబిస్తాను.”

ఆ సాయంత్రం ముల్లంగి తరుగుతూ తనకి కూడా ఒక షరతు పెట్టుకుంది. తరగతులు ముగిసేలోగా ఫోను ఒక్కసారి మోగితే ఉండిపోతుంది. వాన వచ్చేలా ఉందనో, మెడ పట్టేసిందనో, నువ్వు తిన్నావా అనో, ఏదైనా సరే. కాకపోతే మత్సుఎలో అక్క నడిపే టీ దుకాణానికి వెళ్ళిపోతుంది. కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ముల్లంగి ముక్కలన్నీ సమంగా వచ్చాయి.

జూన్ వానలు పోయాయి. ఎండలొచ్చాయి. ఫోను మోగలేదు. ప్రోగ్రాం చెడిపోయిందేమోనని ఒకసారి భర్త నంబరు తీసి ఫుమిఎ నంబరు పెట్టి, ఆమెని ‘మెడ నొప్పి’ అని పంపించమంది. తరగతంతా ఉలిక్కిపడేలా మోగింది. బాగానే ఉంది. మళ్ళీ భర్త నంబరే పెట్టేసింది.

చివరి తరగతికి పెట్టె సర్దుకుని వచ్చింది.

“ఊరికా?” అంది ఫుమిఎ.

“అక్క దగ్గరికి.”

“ఇంత పెట్టెతోనా! మీ ఆయనకి చెప్పావా?”

“అడిగితే చెబుతాను.”

“భలేదానివే! మగాళ్ళు ఎప్పుడడుగుతారు? పొయ్యి వెలగని రోజున.”

తరగతి అయ్యేసరికి పొద్దు వాలింది. ఆ బరువుతో మెట్లు దిగలేదేమోనని మాస్టారే పెట్టె అందుకుని, వెనకవైపు చదువుకునే గది మీదుగా దారి తీశాడు. ఆమె సంచిలో ఫోను ఒకసారి సన్నగా అదిరి ఊరుకుంది. ఆలస్యమని వచ్చి ఉంటుంది. జవాబూ వెళ్ళిపోయి ఉంటుంది. తీసి చూడలేదు.

“పొద్దుటి తరగతిలో ఒకాయన కూడా మీలాగే రాశారు” అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. “ఇంటికి సందేశం దానంతటదే పోతుంది. మామూలు జవాబొస్తే సరి. ఆవిడ ఇంకేదైనా రాస్తే మాత్రం ఫోను మోగాలన్నారు. మోగిన రోజు ఇంటికెళ్ళి, ఉద్యోగం పోయిన సంగతి, దాచిందంతా చెప్పేస్తారట. పాపం, తలుపులు మూసేదాకా ఇక్కడే కూర్చుంటారు. అదుగో.”

కిటికీ పక్క బల్ల దగ్గర, పొద్దున ఆఫీసుకని వేసుకెళ్ళిన సూటులోనే, మోగని ఫోను ఎదురుగా పెట్టుకుని తమోత్సు కూర్చుని ఉన్నాడు.