తాళానికైనా చెవి ఉంటుంది

"నీ రక్తం శుభ్రంగా ఉందట. కొవ్వెక్కువున్నది నాకే," అన్నాడు అతను, చేతిలోని తాళంచెవిని ఆకురాయితో రుద్దుతూ.

ఆమె కుట్టుమిషను ఆపి, మొగుణ్ణి కిందినుంచి పైదాకా చూసి ఫక్కున నవ్వింది. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉండే మనిషికి కొవ్వా!

"మీకు కొవ్వెక్కువని పెళ్ళైన మర్నాడే చెప్పాను. అది తెలుసుకోవడానికి సూదులెందుకూ?"

మామూలుగా అయితే ఆమె ఒకటంటే అతను రెండనేవాడు. ఈసారి తలెత్తకుండా ఆకురాయి రుద్దుకుంటూనే ఉన్నాడు. దాంతో ఆమె నవ్వు ఆగిపోయింది.

అంతకు వారం క్రితం కర్టెన్లు కుడుతూ కుడుతూ ఆమె కళ్ళు తిరిగి పడిపోయింది. అతను వీధి మలుపులోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. రక్తం ఇవ్వనని ఆమె మొండికేస్తే, "ముందు నాకు తీయండి," అంటూ అతను తన చొక్కా చెయ్యి మడిచాడు. అలా ఇద్దరికీ పరీక్షలైపోయాయి.

"ఇంతకీ డాక్టరమ్మ ఏమంది?"

"రక్తంలో కొవ్వు ఇంతగా పేరుకుంటే పేగులో చిన్న చిన్న పిలకలు మొలిచే ప్రమాదం ఎక్కువట. మొదట్లో వాటితో ఏ బాధా ఉండదు. వదిలేస్తే కొన్నాళ్ళకి క్యాన్సరవుతాయట. పెద్దాసుపత్రిలో గొట్టం పెట్టి చూడాలంది."

"అయితే రేపే వెళ్ళండి!"

"నువ్వూ చేయించుకుంటే వెళ్తాను."

"నాకెందుకండీ? నా రక్తం శుభ్రమేగా!"

"నాకు భయం. తోడు కావాలి."

ఆమెకు ఒళ్ళు మండింది. వాళ్ళమ్మ ఆసుపత్రికి తన కాళ్ళతో నడిచి వెళ్ళింది. నలుగురు మోసుకొచ్చారు. ఆనాటినుంచి ఆ మెట్లు ఎక్కనని ఆమె ఒట్టు పెట్టుకుంది. కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్నా కషాయం కాచుకుందే తప్ప కదల్లేదు. అతను బతిమాలి బతిమాలి, చివరికి ఎప్పుడూ ఒకే మాట అనేవాడు: "తాళానికైనా చెవి ఉంటుందే. నీకు మాత్రం లేదు."

రక్తపరీక్ష కాయితం వచ్చిన రోజునుంచి ఇంట్లో వేపుళ్ళు బంద్. అతను తిననిది తనకెందుకని ఆమె కూడా మానేసింది. పొద్దున్నే నడవాలన్నాడు, ఒక్కణ్ణీ నడవలేనంటూ ఆమెను వెంటలాక్కెళ్ళాడు. భోజనాలయ్యాక రెండు మాత్రలు తీసేవాడు. "ఇది నా కొవ్వుకి, ఇది నీ బలానికి," అని ఆమె చేతిలో ఒకటి పెట్టి, మింగేదాకా చూసి తనది మింగేవాడు.

ఆమెకు మాత్రం ముద్ద దిగేది కాదు. ఇన్నేళ్ళూ మూకుడునిండా నూనె పోసి వేయించి పెట్టిన చెయ్యి తనదే. అడక్కపోయినా ఇంకాస్త వడ్డించిన చెయ్యీ తనదే. తను మొండికేస్తే ఈ మనిషి పరీక్షకే వెళ్ళడు, లోపల ఏముందో తెలియదు. ఒకరోజు నడక మధ్యలో ఆగిపోయింది.

"సరే, పదండి. మీకోసం ఆ గొట్టం నేనూ మింగుతాను."

"మింగేది కాదే పిచ్చిదానా. దాని దారి ఇటు కాదు, అటు!"

రోడ్డు మీదే ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అలా నవ్వుకోవడం అదే ఆఖరు.

ఆమె పేగులో రెండు పిలకలు కనిపిస్తే అక్కడికక్కడే కత్తిరించేశారు. ఇంకొన్నేళ్ళు వదిలేస్తే క్యాన్సరయ్యేవే అన్నారు. అతనికి ఉన్నది ఒక్కటే. కానీ అది పిలక దశ ఎప్పుడో దాటిపోయింది, కాలేయందాకా పాకింది.

"నాకా?" అన్నాడతను. నిజంగానే నమ్మలేనట్టు డాక్టర్ల ముఖాలు చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, "నీవి తీసేశారుగా? మొత్తం తీసేశారుగా?" అని మళ్ళీ మళ్ళీ అడిగాడు.

ఏడాది తిరక్కుండానే పోయాడు. అతని తాళాల కొట్లో మేకులకు వేలాడుతున్న తాళంచెవుల గుత్తులు అలాగే ఉండిపోయాయి. వాటిలో ఏది దేనికో చెప్పే మనిషి లేడు.

మళ్ళీ ఒకసారి చూపించుకోవాలని డాక్టరమ్మ కబురు పెడితే, ఆమె మొదటిసారి ఒంటరిగా ఆవిడ క్లినిక్కు మెట్లెక్కింది.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"మానేశానండీ. ఆయనే పోయాక నాకింక బలమెందుకు? ఆయన్ని పొట్టనపెట్టుకున్నది నేనేనండీ. చేజేతులా నూనె పోసి కొవ్వు పెంచాను. పైగా కొవ్వెక్కువైందని ఎగతాళి చేశాను. ఆ మనిషి ఆ మాట పడి ఊరుకున్నాడు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మీ వంట వల్ల కాదమ్మా. ఆయన కాయితం నేను చూశానుగా, ఏ దోషమూ లేదు. అలాంటివాళ్ళకీ వస్తుంది ఒక్కోసారి. మీరు మాత్రం ఆ మాత్రలు మానకూడదు."

"బలం మాత్రలేగా?"

"ఉన్నమాట చెప్తే మీరు పరీక్షకి రారని, దాచమని ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నారు."

"ఏంటండీ ఆ ఉన్నమాట?"

"కొవ్వెక్కువున్నది మీకమ్మా."